సంగీత కొనబోయిన ఫోర్ వీల్

సూరత్ ఊళ్లో లింబాయత్ ఆటో అడ్డా మీద సంగీత గెలిచిన కొట్లాట వెంకటవ్వకు ఇప్పటికీ మింగుడుపడదు. కొట్లాటంటే నోటితో గెలవాలి. డెబ్బై దగ్గరపడుతున్న ఈ వయసు దాకా వెంకటవ్వ గెలిచినవన్నీ నోటితో గెలిచినవే. నల్లా దగ్గరా అంతే, రేషన్ దుకాణం దగ్గరా అంతే. సంగీత మాత్రం ఆ రోజు ఒక్క మాటైనా ఆడకుండా అడ్డా మీది మొగవాళ్లందరినీ ఓడించింది.

షేర్ ఆటోలకు అడ్డా మీద వరస ఉంటుంది. ముందొచ్చిన బండి ముందు నిండాలి. సంగీత కొత్తగా ఆటో తోలుతున్న రోజులవి. ఆమె వంతు వచ్చినప్పుడల్లా వెనక నుంచి ఎవడో ఒకడు దూరి, "ఆడదాని బండెక్కితే రింగ్ రోడ్ చేరేసరికి బజారు మూసేస్తారు" అని హిందీలో నవ్వుతూ ఆమె సవారీలను లాక్కుపోయేవాడు. వెంకటవ్వ ఆ పూట ఉల్లిగడ్డల సంచితో సంగీత ఆటోలోనే కూర్చుని ఉంది. "ఏందిరా గిది? మిమ్ముల కన్నది ఆడిది కాదా?" అని అందుకోబోయింది. సంగీత వెనక్కి తిరిగి చూడను కూడా లేదు. బండిని గల్లీ మూతికి అడ్డంగా నిలిపింది. ఇంజను ఆపి, తాళంచెవి తీసి కొంగున ముడేసుకుంది. డబ్బా విప్పి జొన్నరొట్టె తుంచుకుని తినసాగింది.

వెనక ఆటోలన్నీ ఇరుక్కున్నాయి. హారన్లు మోగాయి. బూతులొచ్చాయి, బూతుల వెనక బతిమాలడాలొచ్చాయి. సంగీత రొట్టె నమిలింది, తొక్కు వేలితో నాకింది, నీళ్లు తాగింది. అడ్డా పెద్దమనిషి దిగొచ్చి, "నంబరు నీదే బెహన్, బండి తియ్యి" అని చేతులు జోడించాక గాని కొంగుముడి విప్పలేదు. ఆ తరవాత ఆమె వరస తప్పించడానికి ఎవడికీ గుండె చాలలేదు.

'నోరు లేనిది గెలిచిందంటే లోపల మతలబేదో ఉంది' అని వెంకటవ్వ ఆ రోజే అనుమానపడింది. వెంకటవ్వ అనుమానపడనిదంటూ లోకంలో లేదనుకోండి. నవ్వే మనిషిని చూస్తే ఎవరిని ముంచి నవ్వుతున్నాడని అనుమానం. ఏడ్చే మనిషిని చూస్తే ఎవరు చూడాలని ఏడుస్తున్నాడని అనుమానం. బడి మొహం చూసింది రెండేళ్లే. ఆ రెండేళ్లలో కూడా పంతులు కూడిక తప్పు వేస్తున్నాడని అనుమానపడి వచ్చేసింది.

సంగీత ఆమెకు చుట్టమేమీ కాదు. పక్క గది మనిషి. జగిత్యాల దిక్కు పిల్ల. సూరత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే మొండయ్యకు పెళ్లామై వచ్చింది. మొండయ్య వెంకటవ్వను పెద్దమ్మా అంటాడు కాబట్టి సంగీత కూడా పెద్దమ్మా అనే పిలుస్తుంది. మొండయ్యకు రెండు కిడ్నీలూ చెడిపోయి, వారానికి మూడుసార్లు దవాఖానకు పోయి రక్తం కడిగించుకునే బతుకయినప్పుడు, సంగీత ఏడుస్తుందేమో ఓదారుద్దామని వెంకటవ్వ కాచుకు కూర్చుంది. సంగీత ఏడవలేదు. ఆటో నేర్చుకుంది.

మొగుడితో కూడా ఆమె వాదించదు. నీళ్లు ఎక్కువ తాగొద్దని డాక్టరు చెప్తే, మొండయ్య దొంగతనంగా చెంబు ఎత్తేవాడు. ఇంకో ఆడదైతే రామాయణం విప్పేది. సంగీత ఇంట్లో ఉన్న చెంబులూ గ్లాసులూ మూటకట్టి అటక మీద పెట్టింది. చాయ్ సాసర్‌లో నీళ్లు పోసి ఇచ్చింది. మొండయ్య ఆ సాసర్‌ను పిల్లిలా చూసి, "గిది నాకేనా, పిచ్చుకలకా?" అన్నాడు. సంగీత నవ్వింది గానీ సాసర్ మార్చలేదు.

పోయిన వానాకాలం ఖాడీ పొంగింది. ఖాడీ అంటే ఊరి మురుగు మోసే వాగు. అది పొంగితే లింబాయత్ గల్లీల్లో నడుం లోతు నీళ్లు. ఆ రోజు మొండయ్య దవాఖాన రోజు. సంగీత అతన్ని ఆటోలో ఎక్కించి, వెంకటవ్వను తోడు కూర్చోబెట్టుకుని బయలుదేరింది. ఆటో రెండో మలుపులోనే నీళ్లు మింగి చచ్చింది. ఇంటికి తోసుకొచ్చారు. మర్నాడూ నీళ్లు తగ్గలేదు. మొండయ్య మొహం బూరెలా ఉబ్బింది. పడుకుంటే ఊపిరాడదు, కూర్చుంటే కూర్చోలేడు. ఊరంతా నీళ్లు, ఆ నీళ్లు చాలవన్నట్టు మనిషి ఒంట్లో కూడా నీళ్లు.

మూడో పొద్దున, చుట్టూ అన్నం పొట్లాలు పంచుతున్న జీపొకటి నీళ్లు చీల్చుకుంటూ గల్లీలోకి వచ్చింది. ఎత్తు టైర్ల జీపు. దాని డ్రైవరు మొండయ్యను చూసి మారుమాట లేకుండా ఎక్కించుకున్నాడు. దారి పొడుగునా వెంకటవ్వ ఆ డ్రైవరు మొహమే చూస్తూ కూర్చుంది, వీడు దిగేటప్పుడు ఎంత గుంజుతాడోనని. సంగీత మాత్రం మొహం చూడలేదు, వాడి చెయ్యి చూసింది. నీళ్లలోకి దిగే ముందు ఆ డ్రైవరు గేరు కర్ర పక్కనున్న చిన్న కర్రను ఒడిసి వెనక్కి లాగాడు. "అదేంది భాయ్?" అని సంగీత అడిగితే, "ఫోర్ వీల్, బెహన్. నాలుగు చక్రాలూ గుంజుతాయి" అన్నాడు. దవాఖాన దగ్గర దించి, పైసా అడగకుండా పోయాడు. ఎందుకు అడగలేదా అని వెంకటవ్వకు ఆ అనుమానం ఇప్పటికీ ఉంది.

మొండయ్య బతికాడు. "మళ్లీ ఇన్ని రోజులు ఆలస్యమైతే మాత్రం మా చేతుల్లో ఉండదు" అన్నారు డాక్టర్లు. సంగీత ఆ మాటనూ, జీపు డ్రైవరు చెప్పిన మాటనూ తాళంచెవిలాగే కొంగున ముడేసుకుంది. వచ్చే వానలకు ముందే ఒక ఫోర్ వీల్ కొనాలి. మొండయ్యనే కాక, పక్కనున్న ఉన్ బస్తీ నుంచీ లింబాయత్ నుంచీ రక్తం కడిగించుకోవడానికి పోయే తక్కిన వాళ్లనూ అందులో తిప్పితే బండి ఖర్చు వెళ్లిపోతుంది. ఊళ్లో తనకు రావలసిన చెలక పాలును అన్న పరమేశ్వర్‌కు రాసిచ్చేసింది. అతని దగ్గరున్న దాని డబ్బుతో పాత బండి వస్తుంది. ఒక్కటే వస్తుంది. తప్పుది కొంటే రెండోది కొనే దారి లేదు.

ఇక అప్పుడు మొదలైంది, డీజిలా పెట్రోలా అని.

పరమేశ్వర్ రింగ్ రోడ్ బట్టల మార్కెట్‌లో చీరల మూటలు ఎక్కించే పని చేయిస్తాడు. చెల్లె మొగుడు చావుబతుకుల్లో ఉన్నప్పుడు కనపడని మనిషి, బండి మాట వినగానే తెల్లచొక్కా వేసుకుని ఊడిపడ్డాడు.

"చెల్లె, ఒక డీజిల్ బండి చూసిపెట్టిన, కండ్లు మూసుకొని తీసుకో. గుంజుడంటే డీజిల్‌దే గుంజుడు, దున్నపోతు తీర్గ. పెట్రోలంటే గుర్రం. రోడ్డు మీద ఉరుకుతది గని బురదల కాలిరుగుతది."

మెకానిక్ రవీంద్ర గడపలోనే ఉన్నాడు. సంగీత ఆటో బాగుచేసేది అతనే. "దున్నపోతును దినాం నాలుగడుగులు నడిపిచ్చి కట్టేస్తే దానికి రోగమొస్తది పరమేశన్నా. పాత డీజిలైతే నూనె చిమ్మే సూదులు పోతయి, ఒక్కో సూదికి ఎద్దంత ధర. కొత్త డీజిలైతే పొగగొట్టంల జల్లెడుంటది. దూరం పోయి వేడెక్కితేనే దాని మసి కాలుతది. ఇంటికీ దవఖానకు తిరిగే బండికి గొంతు పూడుకుంటది. పెట్రోల్ తీసుకో వదినా. ఖర్చు కాకుండ గ్యాస్ కిట్టు పెట్టుకుందాం."

"కిట్టు ఎవలు పెడ్తరు?" అంది వెంకటవ్వ.

"నేనే పెడ్త పెద్దమ్మా."

"అంటే పెట్రోల్ మంచిదే మరి!"

పరమేశ్వర్ పగలబడి నవ్వాడు. వెంకటవ్వ మెల్లగా అటు తిరిగింది. "నువ్వెందుకు నవ్వుతున్నవ్ రా పరమేశూ? ఆ డీజిల్ బండి అమ్మెటోడు నీకేమిస్తడు?"

"హిమ్మత్‌భాయా? ఏమిస్తడు పెద్దమ్మా, చాయ్ పోస్తడు."

"గంతేనా? మొండయ్య దవఖానల పన్ననాడు చాయ్ లేదనే రాలేదా మరి?"

పరమేశ్వర్ నవ్వు సగంలో ఆగింది. గొంతు సవరించుకుని, బండి ఢిల్లీ నుంచి వచ్చిందనీ, పదేళ్లు దాటిన డీజిల్ బండిని అక్కడ తిరగనివ్వమంటున్నారు కాబట్టి పదేళ్లు నిండకముందే అమ్మేసుకుంటున్నారనీ, అందుకే ఇంత అగ్గువకు వస్తోందనీ చెప్పాడు.

"వాళ్లు మెడపట్టి వెళ్లగొట్టినదానికి మనం పీటేసి కాళ్లు కడుగుతున్నమన్నట్టు" అంది వెంకటవ్వ.

మంచం మీది నుంచి మొండయ్య అన్నాడు, "ఏ నూనెన్న తాగనియ్యుర్రి. నన్నెట్లా తాగనిస్తలేరు, అదన్న కడుపునిండ తాగుతది."

అందరూ నవ్వారు, సంగీత తప్ప. ఆమె బియ్యం ఏరుతోంది. తల ఎత్తకుండా ఒకటే అడిగింది. "నాలుగు చక్రాలు గుంజుతదా అన్నా?"

"ఫోర్ వీలే చెల్లె! ఫోర్ వీల్ గాక నీకు మూడు గాల్ల ఆటో చూపెడ్తనా?" అన్నాడు పరమేశ్వర్. ఆ వెంటనే, చేతులు దులుపుకుంటున్నట్టుగా, ఇంకొకరు ఎగరేసుకుపోతారని చెలక డబ్బులో నుంచి పెద్ద మొత్తమే బయానా ఇచ్చేశానని కూడా చెప్పాడు.

సంగీత చేతిలో బియ్యం అట్లాగే ఆగిపోయింది. కాసేపటికి చేట పక్కన పెట్టి వెంకటవ్వ దిక్కు తిరిగింది. "పెద్దమ్మా, రేపు బండి చూడవోదాం, నువ్వు రా. గని నోరు తెరువద్దు."

వెంకటవ్వకు అభిమానం పొడుచుకొచ్చింది. కానీ కాదనడానికి లేదు. ఆటో కొన్ననాడు, అమ్మేవాడు ధర చెప్పకముందే "దొంగ మొకం" అనేసి, వాడు బండెక్కి వెళ్లిపోయేలా చేసింది తనే. "నేనేం మాట్లాడ్త? నోట్లె ఆకువక్క పెట్టుకొని కూసుంట" అంది ముక్కు ఎగబీల్చి.

ఉధ్నా దగ్గర పాత బండ్ల ఆవరణ. హిమ్మత్‌భాయ్ ఇస్త్రీ మడత చెడని మనిషి. కుర్చీలు వేయించాడు, చాయ్ తెప్పించాడు. వెంకటవ్వ చాయ్ ముట్టలేదు. పెళ్లిచూపుల్లో మర్యాద ఎక్కువైతే పిల్లకు మెల్లకన్నని అర్థం. నోట్లో ఆకు నముల్తూ బండ్లన్నీ కలియజూసింది.

మధ్యలో నల్లటి డీజిల్ బండి నిగనిగలాడుతోంది. ఎత్తుగా, పెద్ద కులం ఇంటి గేటులా ఉంది. మూలకు ఇంకోటి ఉంది. కురచది, రంగు వెలిసింది, పైన గుడ్డ కప్పు. దాని మీద ఎవరో తువ్వాలలు ఆరేశారు. సంగీత ముందు దాని దగ్గరికే పోయింది. లోపలికి వంగి, గేరు కర్ర పక్కనున్న చిన్న కర్ర మీద చెయ్యి వేసింది. ఒక్క క్షణం అట్లాగే ఉంది.

'ఒక్క బండికి రెండు కర్రలెందుకు? ఏదో ఇరిగితే అతుకేసిండు ముండాకొడుకు' అనుకుంది వెంకటవ్వ.

"దాన్ని చూడకు బెహన్" అన్నాడు హిమ్మత్‌భాయ్ హిందీలో. "అది పెట్రోల్ బండి. తాగుబోతు. లీటరు పోస్తే గుటక్కున మింగి ఇంకోటి అడుగుతుంది. నీకు డీజిల్ మాట్లాడాడు మీ అన్న."

"నల్ల బండికి రెండో కర్ర లేదేం?"

"కొత్తవాటికి కర్రలుండవు, అన్నీ బటన్లే" అన్నాడు, తేనె పూసినట్టు.

పరమేశ్వర్ అందుకుని డీజిల్ మైలేజీ చెప్పాడు, డీజిల్ దమ్ము చెప్పాడు. డీజిల్‌కు నిప్పురవ్వ ప్లగ్గులుండవు కాబట్టి నీళ్లలో చావదన్నాడు. వెంకటవ్వ ఇక పట్టలేకపోయింది. ఆకు బుగ్గకు తోసి, "నీళ్లల్ల మనిషికి ముక్కు మునిగితే సస్తడు గదరా! దీనికి ముక్కేడుంది?" అంది. పరమేశ్వర్ అది హిందీలో చెప్తే హిమ్మత్‌భాయ్ పడీపడీ నవ్వాడు. నవ్వాడు గానీ ఇంజను గాలి పీల్చే ముక్కు ఎక్కడుందో చూపించలేదు. సంగీత ఒక చూపు చూసింది. వెంకటవ్వ మళ్లీ ఆకు నమలడంలో పడింది.

'డీజిల్ గురించి అడగకముందే పది మాటలు చెప్తున్నరు, చక్రాల గురించి అడిగితే ఒక్కటే చెప్తున్నరు వీళ్లిద్దరు' అని లోపల లోపల పళ్లు కొరుక్కుంది. నోరు మూసుకున్న మనిషికి చెవులు ఇంత పదునెక్కుతాయని ఆమెకు ఇన్నాళ్లూ తెలీదు.

నడిపి చూస్తానంది సంగీత. హిమ్మత్‌భాయ్ సంతోషంగా ముందు సీట్లో కూర్చున్నాడు. పరమేశ్వర్, వెంకటవ్వ వెనక. సడక్ మీద బండి వెన్నలా పోయింది. పరమేశ్వర్ తానే తయారు చేసినంత గర్వంగా చూశాడు. ఇంకాస్త పోగానే సంగీత స్టీరింగు తిప్పి, ఖాడీ గట్టు పక్కన బర్రెలు దిగే మట్టిదారి పట్టింది. రెండు రోజుల కిందటే మొదటి వాన పడింది. దారంతా చిక్కటి నల్లబురద.

"అరే బెహన్, ఎక్కడికి? ఆపు, ఆపు!"

సంగీత ఆపింది. "పెద్దమ్మా, నువ్వు దిగు. బయట నిలవడి చక్రాలు చూడు. లోపల కూసున్నోళ్లకు కనవడయి."

వెంకటవ్వ చీర ఎగ్గట్టి దిగింది. బండి బురదలోకి పోయింది. నాలుగు గజాలు పోయిందో లేదో కూరుకుపోయింది. సంగీత ఎంత తొక్కితే అంత గర్జించింది. దున్నపోతు గర్జనే, అందులో అబద్ధం లేదు. వెనక చక్రాలు రెండూ గిర్రున తిరిగి, తోద్దామని దిగిన పరమేశ్వర్ తెల్లచొక్కా మీద, మొహం మీద ఖాడీ బురదంతా చిమ్మాయి. ముందటి చక్రాలు మాత్రం అత్తగారింటికి కొత్తగా వచ్చిన పెళ్లికూతుళ్లలా తల వంచుకు కూర్చున్నాయి. కదిలితే ఒట్టు.

వెంకటవ్వ నోట్లో మాటలు కుతకుత ఉడుకుతున్నాయి. అయినా ఇచ్చిన మాట ఇచ్చిందే. చెయ్యి బారుగా చాపి, ముందటి చక్రాన్ని వేలుతో చూపించింది. సంగీత కిటికీలోంచి ఆ వేలు చూసింది. ఇంజను ఆపేసింది. తాళంచెవి తీసి కొంగున ముడేసుకుంది.

"అన్నా, నాలుగు చక్రాలు గుంజుతదా అని అడిగిన."

పరమేశ్వర్ కళ్లల్లో బురద తుడుచుకుంటూ చెల్లె మొహం చూడలేదు. "నాకేం ఎరుక చెల్లె... ఫోర్ వీలే అన్నడు."

హిమ్మత్‌భాయ్ ముందు సీట్లోనే కూర్చుని వేళ్లు మడిచాడు. ముందర రెండు, వెనక రెండు. నాలుగయ్యాయా లేదా? మీరు ఫోర్ వీల్ అడిగారు, నేను ఫోర్ వీల్ ఇచ్చాను. ఇందులో దగా ఏముంది? సూరత్‌లో పిల్లవాణ్ణి అడిగినా కారును ఫోర్ వీల్ అనే అంటాడు.

అది నిజమే. ఈ ఊళ్లో రెండు చక్రాల మోటార్‌సైకిల్‌నూ, మూడు చక్రాల ఆటోనూ వదిలేస్తే, మిగిలిన ప్రతి కారూ జనం నోట ఫోర్ వీలే. జీపు డ్రైవరు నోట ఒక అర్థమున్న మాట, హిమ్మత్‌భాయ్ నోట ఇంకో అర్థమైంది. ఇంటిల్లిపాదీ డీజిలా పెట్రోలా అని కొట్టుకుంటుంటే, అసలు మాటను వీడు నోట్లో చాక్లెట్‌లా చప్పరిస్తూ కూర్చున్నాడు.

సంగీత డబ్బా విప్పింది. జొన్నరొట్టె తుంచింది. వెంకటవ్వకు అడ్డా కొట్లాట గుర్తొచ్చి గుండె నిండింది. 'ఇగ సూడు బిడ్డా, నువ్వు ఏడ్చినా అది దిగది' అనుకుంది.

హిమ్మత్‌భాయ్ ఆమె తినడం కాసేపు చూశాడు. తరవాత జేబులో చెయ్యి పెట్టి రెండో తాళంచెవి తీశాడు. ఎండలో మెరిసేలా దాన్ని వేలికి తిప్పాడు. "బండి నాది బెహన్. నువ్వు కూర్చుంటే కూర్చో, ట్రాక్టరు పిలిపించుకుని నేను తీసుకుపోతాను. బురదలో దింపింది నువ్వు. బయానా మాట మర్చిపో."

అడ్డా మీద మొగవాళ్ల దగ్గర రెండో తాళంచెవి లేదు.

సంగీత నమలడం ఆగింది. ఆకాశం దిక్కు చూసింది. ఖాడీ మీద మబ్బు నల్లగా దిగుతోంది. బయానా పోతే మిగిలిన డబ్బుతో ఏ బండీ రాదు. వానలు వచ్చేశాయి. ఇంటి దగ్గర మొండయ్య, సాసర్ ముందు పెట్టుకుని కూర్చుని ఉంటాడు. సంగీత మొహంలో రంగు మారడం వెంకటవ్వ చూసింది. ఇన్నేళ్లలో మొదటిసారి చూసింది. లోపల మతలబేదో ఉందని తను ఇన్నాళ్లూ అనుమానించిన సంగీత లోపల ఉన్నది, భయం. అందరికీ ఉండేదే.

సంగీత డబ్బాకు మూత పెట్టింది. తలుపు తీసి బురదలోకి దిగింది. నడుచుకుంటూ వచ్చి వెంకటవ్వ ముందు నిలబడింది.

"పెద్దమ్మా, ఆ మూలకున్న కురస బండికి రెండో కర్రుంది. ఆనాడు జీపాయన గుంజింది గసోంటి కర్రనే. నువ్వాయన మొకం చూస్తుంటివి."

వెంకటవ్వ ఆకు నమలడం ఆపింది. అది పెట్రోల్‌ది కదా, తాగుబోతు కదా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేసింది.

"తాగితే తాగనీ. మనం దినాం ఢిల్లీకి పోతలేం గద, దవఖానకే. గింత తొవ్వకు ఎంత తాగుతది? డీజిల్ మైలేజి మిగిలినా, నీళ్లల్ల ఆగిపోతే ఆ మిగిలింది ఏం చేసుకోవాలె?" కొంగున ఉన్న తాళంచెవి ముడిని తడుముకుంది. "ఇచ్చిన బయానా ఆ పెట్రోల్ బండికి మళ్లాలె. అది గుడ నీళ్లల్లకు దింపి, ముందటి చక్రాలు తిరిగినంకనే మిగిలిన పైసలు."

హిమ్మత్‌భాయ్ ట్రాక్టరువాడికి ఫోను చేస్తున్నాడు, నవ్వుతూ. పరమేశ్వర్ గట్టెక్కి ఎటు పోదామా అని చూస్తున్నాడు.

సంగీత వెంకటవ్వ చెయ్యి పట్టుకుంది.

"ఆకు ఉమ్మెయ్యి పెద్దమ్మా. ఇగ నోరు తెరువు. నేను చాలు అనేదాక మూయకు."